నాన్న తాతకంటే ముందే పోతే మనవడికి వాటా రాదా?

మూసీ_ఒడ్డు:
అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దదే, ఏది తీసేయాలో తెలియక అంతా రాసేశాను, ఓపిగ్గా చదవండి.

మాది పాత నల్గొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట కిందికొచ్చింది. తాతకు ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. పెద్దనాన్న, తర్వాత మా నాన్న, బాబాయి, చివర అత్త. నాన్న 2010లో బండి యాక్సిడెంట్‌లో పోయాడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు, చెల్లికి ఏడు. ఏడాదిన్నర తర్వాత అమ్మ మమ్మల్ని తీసుకుని అమ్మమ్మ వాళ్ళ ఊరు వచ్చేసింది, కుట్టుమిషన్ పెట్టుకుని మా ఇద్దర్నీ చదివించింది. తాత 2023 ఫిబ్రవరిలో పోయాడు. నానమ్మ ఉంది, బాబాయి దగ్గర ఉంటుంది.

కబురొస్తే వెళ్ళాం. దినాలకు పెద్దనాన్న, బాబాయితో పాటు నాకూ గుండు కొట్టించారు. "మీ నాయన బదులు నువ్వు కూసోవాలె" అని నానమ్మే అంది. పిండం నా చేత కూడా పెట్టించారు. అంతవరకు బాగానే ఉంది. ఆరు నెలల తర్వాత తెలిసిందేంటంటే భూమి మొత్తం పెద్దనాన్న, బాబాయి చెరి సగం విరాసత్ (వారసులుగా రికార్డులో పేరు మార్పు) చేయించుకున్నారు, పాస్‌బుక్కులు కూడా వచ్చేశాయి. వెళ్ళి అడిగితే పెద్దనాన్న కోపం కూడా పడలేదు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "నీ అయ్య ఉంటే ఆయనకొచ్చేది, ఆయన తర్వాత నీకొచ్చేది. ఆయనే మా నాయనకంటే ముందు పాయె. ఇంక నీకెక్కడికెళ్ళి వస్తది బిడ్డా?"

అది విన్నాక నాకే నిజమేనేమో అనిపించింది. తాత పోయిన రోజుకి నాన్న లేడు, లేని మనిషికి వాటా రాదు, ఆయనకే రానిది నాకెలా వస్తుంది అని రెండేళ్ళు ఊరుకున్నాను. ఇప్పుడు చెల్లికి సంబంధాలు చూస్తున్నాం, అమ్మ రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు, అందుకని అడుగుతున్నా.

ఆస్తి ఇదీ: తాత ఆర్టీసీలో డ్రైవర్‌గా చేస్తున్నప్పుడు 1988లో కొన్న నాలుగెకరాలు, రిజిస్ట్రీ కాగితం ఉంది. ముత్తాత నాటి రెండెకరాల ఇరవై గుంటలు (నలభై గుంటలు ఒక ఎకరం). ఊళ్ళో పెంకుటిల్లు. వీలునామా ఉందని ఎవరూ అనట్లేదు.

ఇంకో సంగతి, అసలు భయం దీని గురించే. 2011లో మేం ఊరొదిలేటప్పుడు అమ్మ చేత వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. దాని జిరాక్స్ ఉంది. "నా భర్త వాటా కింద మూడు లక్షల రూపాయలు ముట్టినవి, ఇకముందు నాకు గాని నా పిల్లలకు గాని సదరు ఆస్తిలో ఎటువంటి హక్కు లేదు" అని ఉంది. కింద ఇద్దరు సాక్షులు, అందులో ఒకాయన ఇప్పుడు లేడు. దీంతో కథ అయిపోయినట్టేనా?

జై_కిసాన్_77:
తమ్ముడూ టెన్షన్ పడకు. తాత ఆస్తి మనవడిదే, కొడుకులకు దాన్ని అమ్ముకునే హక్కు కూడా లేదు, ఇది ఎవర్నడిగినా చెప్తారు. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కి దరఖాస్తు పెట్టు, వారంలో ఆ పాస్‌బుక్కులు రద్దయిపోతాయి.

తహసీల్_పాతకాపు:
ఏం రద్దు కావు. కిసాన్ గారూ, కోపగించుకోకండి, నేను రెవెన్యూలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ప్రజావాణిలో ఇచ్చిన కాగితం తిరిగి తిరిగి మళ్ళీ అదే తహసీల్దార్ బల్ల మీదికే వస్తుంది, ఆయన "వాటాల తగాదా, సివిల్ కోర్టుకు వెళ్ళండి" అని రాసి పంపేస్తాడు. ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు.

బాబూ, విరాసత్ అయ్యింది కాబట్టి భూమి వాళ్ళదైపోయిందని బెంగపడకు. పాస్‌బుక్కులో పేరు ఎక్కడం వేరు, హక్కు రావడం వేరు. మ్యుటేషన్ వల్ల, అంటే రికార్డులో పేరు మారడం వల్ల, కొత్తగా హక్కు పుట్టదు, ఉన్న హక్కు పోదు అని సుప్రీంకోర్టు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. 2023 అంటే ధరణి (అప్పటి భూ రికార్డుల పోర్టల్) రోజులు. వారసులందరూ ఒప్పుకున్నట్టు కాగితం పెట్టి స్లాట్ బుక్ చేసుకుంటే పని అయిపోయేది. ఆ కాగితంలో ఎవరి పేర్లు రాశారు, ఎవరివి వదిలేశారు అన్నదే నీకిప్పుడు కావాలి. ఆ ఫైలు మొత్తానికి నకలు అడుగు, సమాచార హక్కు కింద అయినా సరే. ముఖ్యంగా వంశవృక్షం చూడు. 2025 ఏప్రిల్ నుంచి దాని బదులు భూ భారతి చట్టం వచ్చింది కదా, అందులో ఆర్డీవోకి, ఆపైన కలెక్టర్‌కి అప్పీలు చేసుకునే దారి ఉంది, కానీ వాటా తేల్చాల్సింది మాత్రం కోర్టే.

ఈలోగా రెండు పనులు చెయ్యి. సర్వే నంబర్ల మీద ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే లావాదేవీల జాబితా) తీయించు, ఎవరికైనా అమ్మారా, బ్యాంకులో పెట్టారా తెలుస్తుంది. పాత పహాణీలు (భూమి ఎవరి పేరున ఉందో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే రికార్డు), ఖాస్రా పహాణీతో సహా, నకళ్ళు తీసి పెట్టుకో.

పాత_వకీలు:
మీ పెద్దనాన్న చెప్పిన మాట నేను జిల్లా కోర్టులో నలభై ఏళ్ళలో వందసార్లు విని ఉంటాను. చాలామంది అది నమ్మే చెబుతారు, దురుద్దేశంతో కాదు. వినడానికి లెక్క సరిగ్గానే ఉన్నట్టుంటుంది, అందుకే నువ్వూ రెండేళ్ళు నమ్మావు. కానీ హిందూ కుటుంబానికి అది తప్పు. (పిండం పెట్టానన్నావు కాబట్టి హిందువులే అనుకుని రాస్తున్నా. వేరే మతం అయితే ఇది వర్తించదు.)

1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8 ప్రకారం వీలునామా రాయకుండా మగవాడు చనిపోతే ముందు క్లాస్ 1 వారసులకు వెళ్తుంది. ఆ జాబితాలో కొడుకు, కూతురు, భార్య, తల్లితో పాటు ఎవరున్నారో చూడు: ముందే చనిపోయిన కొడుకు కొడుకు, ముందే చనిపోయిన కొడుకు కూతురు, ముందే చనిపోయిన కొడుకు భార్య. అంటే నువ్వు, మీ చెల్లి, మీ అమ్మ. మీ పెద్దనాన్న చెప్పిన పరిస్థితి కోసమే చట్టం ఆ ముక్కలు రాసి పెట్టింది, అదీ 1956లోనే. సెక్షన్ 10 ప్రకారం మీ ముగ్గురికీ కలిపి ఒక కొడుకు వాటా.

ఇక్కడ ఒక చిత్రం ఉంది, అది అర్థమైతే మీ పెద్దనాన్న లెక్క ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. నీకు రావాల్సింది మీ నాన్న దగ్గర్నుంచి కాదు, నేరుగా తాత దగ్గర్నుంచి. మీ నాన్న బతికుంటే ఆ నాలుగెకరాల్లో నీకు ఒక్క గుంట కూడా రాదు. ఆయన వాటా ఆయన సొంతం, అమ్ముకున్నా ఎవరికి రాసిచ్చినా నువ్వు అడ్డం చెప్పలేవు. తాత సంపాదించింది కొడుక్కి వారసత్వంగా వస్తే అది కొడుకు సొంత ఆస్తే అని 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కిసాన్ గారు చెప్పిన "తాత ఆస్తి మనవడిదే" అన్నది ఈ తీర్పు ముందు నిలవదు. కొడుకు ముందే పోయాడు కాబట్టే మనవడు వారసుల జాబితాలోకి వచ్చాడు. మీ పెద్దనాన్న సరిగ్గా తలకిందులుగా చెబుతున్నాడు.

ఇక ముత్తాత భూమి కథ వేరు. ముత్తాత ఎప్పుడు పోయాడో ముందు చెప్పు, అది తెలియకుండా నేనేం చెప్పినా ఊహే.

స్టాంపు కాగితం సంగతి తర్వాత రాస్తాను, దానికి తీరిగ్గా కూర్చోవాలి.

రాయలచెరువు_రాజు:
గుండుకి వారసుడు, గుంటలకి కాదన్నమాట. బాగుంది వరస.

సైడు ప్రశ్న అడగొచ్చా? మాది అనంతపురం వైపు. మా నాన్న బతికే ఉన్నాడు, తాత నుంచి ఆయనకొచ్చిన మూడెకరాలు బేరం పెడుతున్నాడు. నేనూ అన్నా కోర్టుకెళ్ళి ఆపొచ్చా?

పాత_వకీలు:
తాత 1956 తర్వాత పోయి, అది ఆయన స్వార్జితమై, మీ నాన్నకు వారసత్వంగా వచ్చిందైతే ఆపలేరు. పైన రాసిందే. ఉమ్మడి ఆస్తి అని రుజువు చేసే కాగితాలుంటే వేరే మాట. మీ నాన్నతో కూర్చుని మాట్లాడండి, కోర్టు ఖర్చుకు ఒక ఎకరం పోతుంది.

కందనవోలు_బాషా:
వకీలు గారు మతం మాట ఎత్తారు కాబట్టి మావాళ్ళ సంగతి కూడా రాస్తాను, ఈ దారం చదివి ఎవరైనా మా పిల్లలు ఆశ పెట్టుకుంటారేమో అని. మాలో పెద్దనాన్న చెప్పిన మాటే నిజం. దగ్గరి వారసుడుంటే దూరపు వారసుడికి రాదు. దాదా చనిపోయేనాటికి ఆయనకి ఒక్క కొడుకు బతికి ఉన్నా చాలు, ముందే పోయిన కొడుకు పిల్లలకు వాటా లేదు. మా అబ్బాజాన్ పోయినప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను, దాదాకి ఇది తెలుసు. ఆయన మా మసీదు పెద్దలని అడిగి, నా పేరున వసీయత్ (వీలునామా) రాయించాడు. వసీయత్ అయితే అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోను మిగిలిన దాంట్లో మూడో వంతు దాటకూడదు. ఆ మూడో వంతులోంచే నాకు మా కొట్టు గది వచ్చింది. బతికుండగానే హిబా (దానం) చేసి స్వాధీనం ఇచ్చేసినా సరిపోతుంది, దానికి మూడో వంతు లెక్క లేదు. అంటే మాలో తాతకి ముందుచూపు ఉండాలి. చాచాలు మంచివాళ్ళయితే సరే, లేకపోతే ఆ రాసి పెట్టడం తప్ప దారి లేదు.

తెనాలి_టీచరమ్మ:
మా క్రైస్తవులకు 1925 వారసత్వ చట్టం. తాత పోతే నానమ్మకి మూడో వంతు, మిగతా రెండొంతులు పిల్లలకి, ముందే పోయిన బిడ్డ వాటా ఆ బిడ్డ పిల్లలకి. కానీ కోడలికి మాత్రం ఏమీ లేదు! మా వదినకి అదే జరిగింది, పిల్లల పేర్ల మీద వచ్చింది, ఆమె పేరున రాలేదు. ఈ అబ్బాయి వాళ్ళ అమ్మకి కూడా వాటా ఉందని చదివి నేను ఆశ్చర్యపోయాను, మంచి విషయమే.

ఇంకోటి, అమ్మ వైపు సంగతి ఎవరూ అడగలేదు. మా స్కూల్లో పని చేసే ఒకావిడ, హిందువులే, వాళ్ళమ్మ చనిపోయిన నాలుగేళ్ళకి అమ్మమ్మ వాళ్ళాయన అంటే తాతగారు పోయారు. మేనమామలు "మీ అమ్మకి కట్నం ఇచ్చేశాం" అంటున్నారట. దానికేమంటారు?

పాత_వకీలు:
టీచరమ్మగారూ, కట్నం వాటా కాదు. ముందే చనిపోయిన కూతురి కొడుకు, కూతురు ఇద్దరూ 1956 నుంచీ క్లాస్ 1 వారసులే. ఆవిడ అడగొచ్చు. మేనమామలతో చెడుతుందేమో అన్న బాధ ఉంటుంది, అది నేను తీర్చలేను.

మూసీ_ఒడ్డు:
అందరికీ చాలా థ్యాంక్స్. రెండ్రోజులుగా ఇదే చదువుతున్నా, అమ్మకి కూడా చదివి వినిపించాను. కోడలికీ వాటా ఉందన్న చోట ఆపి మళ్ళీ చదవమంది.

ముత్తాత ఎప్పుడు పోయాడని నానమ్మకి ఫోన్ చేసి అడిగాను. తారీఖు తెలియదు గానీ "రజాకార్ల గొడవలు సద్దుమణిగిన రెండేళ్ళకి, మీ తాతకి పదేళ్ళప్పుడు" అంది. తాత ఒక్కడే కొడుకు. పాత పహాణీ నకళ్ళకి దరఖాస్తు పెట్టాను. ఖాస్రాలో తాత పేరే ఉంది, పక్కన మైనర్ అని రాసి ఉంది.

స్టాంపు కాగితం గురించి అమ్మని ఇంకోసారి అడిగాను. ఇన్నేళ్ళుగా ఆ విషయం ఎత్తితే లేచి వెళ్ళిపోయేది. ఈసారి చెప్పింది. ఆ మూడు లక్షలు పెద్దనాన్న జేబులోంచి రాలేదట. నాన్న వేసిన చిట్టీ డబ్బులట. నాన్న పోయే నెల ముందు పాడుకున్నాడు, డబ్బు చేతికి రాకముందే యాక్సిడెంట్ అయ్యింది. పెద్దనాన్న వెళ్ళి తెచ్చి, ఈ కాగితం మీద సంతకం పెడితేనే ఇస్తానన్నాడట. సంతకం పెట్టి డబ్బు తెచ్చుకుంది, ఆ డబ్బుతోనే కుట్టుమిషన్ కొంది, మా ఫీజులు కట్టింది. ఇదంతా రుజువు ఎలా చేయాలో తెలియదు.

పాత_వకీలు:
రజాకార్ల తర్వాత రెండేళ్ళంటే 1950 ప్రాంతం. ఖాస్రా పహాణీ 1954-55ది, అందులో మైనర్‌గా మీ తాత పేరుంది కాబట్టి మాట అతుకుతోంది. 1956కి ముందే మీ తాతకి తండ్రి నుంచి వచ్చిన భూమి కాబట్టి కొడుకులు పుట్టగానే అది ఉమ్మడి ఆస్తి. 2005 సెప్టెంబర్ 9 నుంచి కూతుళ్ళకీ పుట్టుకతో హక్కు. తండ్రి ఆ తేదీకి బతికి ఉన్నా లేకపోయినా సరే అని వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టులో తేల్చేశారు. కాబట్టి మీ అత్తకి ఎప్పుడు పెళ్ళయిందన్న ప్రశ్నే లేదు. ఈ రెండెకరాల ఇరవై గుంటల్లో మీ నాన్నకి, నీకు, మీ చెల్లికి తాత పోకముందు నుంచే హక్కుంది.

లెక్క వేస్తాను, పెన్ను తీసుకో. నాలుగెకరాలు అంటే 160 గుంటలు. వారసులు నానమ్మ, పెద్దనాన్న, బాబాయి, అత్త, మీ నాన్న శాఖ. అయిదు వాటాలు, మీకు 32 గుంటలు. ముత్తాత భూమి 100 గుంటలు. మీ నాన్న పోయిన రోజున పంపకం జరిగినట్టు ఊహించుకోవాలి, చట్టం అలాగే చెప్పింది. తాత, ముగ్గురు కొడుకులు, అత్త, అయిదు భాగాలు, తలా 20. మీ నాన్న ఇరవైలో నీది, చెల్లిది పోను ఆయన సొంతం ఆరు గుంటల పైచిలుకు, అందులో నాలుగో వంతు ఆయన తల్లికి, అంటే నానమ్మకి పోతుంది, గుంటన్నర దాటి. ఇక 2023లో తాత ఇరవై గుంటలు మళ్ళీ అయిదు భాగాలు, మీకు నాలుగు. కూడుకుంటే మొత్తం 54 గుంటలు, అంటే ఎకరం పద్నాలుగు గుంటలు. ఇంట్లో అయిదో వంతు అదనం. నానమ్మ వాటా నానమ్మ ఇష్టం, దాన్ని ఎవరికైనా రాసుకోవచ్చు.

ఇప్పుడు ఆ కాగితం. తాత స్వార్జితం సంగతి ముందు. 2011లో తాత బతికే ఉన్నాడు. ఆయన బతికుండగా ఆ నాలుగెకరాల్లో మీ ఎవరికీ హక్కు లేదు, ముందుముందు రావచ్చన్న ఆశ మాత్రమే ఉంది. అలాంటి ఆశను బదిలీ చేయడం చెల్లదని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 6లో మొదటి మాటే అది. లేని హక్కుని వదులుకోవడం కుదరదు. ముత్తాత భూమిలో హక్కు అప్పటికే ఉంది నిజమే, కానీ వంద రూపాయలు దాటిన స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. అది సాదా స్టాంపు కాగితం.

అంతటితో గెలిచేశానని ఎగరకు. అవతలి వకీలు ఏం అంటాడో కూడా చెబుతాను. "డబ్బు తీసుకుని నమ్మించి ఇప్పుడు అడ్డం తిరగకూడదు" అంటాడు. ఈ వాదనకి బలం ఉంది. డబ్బు తీసుకుని తండ్రికి రాసిచ్చిన కొడుకు ఆ తండ్రికంటే ముందే పోతే, ఆ కొడుకు పిల్లలు తర్వాత వాటా అడగలేరని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నీ కేసులో తేడా ఏంటంటే రాసిచ్చింది మీ నాన్న కాదు, మీ అమ్మ. మీరిద్దరూ అప్పుడు మైనర్లు, మైనర్ల స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా తల్లయినా తండ్రయినా బదిలీ చేయకూడదు. మేజర్ అయ్యాక మూడేళ్ళలో రద్దు కోరలేదు కదా అంటాడు, ఆ మాట రిజిస్టరైన దస్తావేజులకి గట్టిగా పని చేస్తుంది, దీనికి అంత కాదు. ఇది కుటుంబ పరిష్కారం, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అని కూడా అంటాడు. మీ అమ్మ సొంత వాటా వరకు కాస్త ఇబ్బంది పడొచ్చు, మీ ఇద్దరి వాటాలు నిలుస్తాయనే నా నమ్మకం. ఆ డబ్బు మీ నాన్నదే అయితే "డబ్బు ఇచ్చాం" అన్న మాటే కూలిపోతుంది. కాబట్టి ఆ చిట్టీ ఆధారం వెతుకు. ఏదో ఒక పుస్తకం, రసీదు, పక్క సభ్యుడు, ఏదైనా.

విభాగ దావా (వాటాలు పంచమని కోరే కేసు) వేసేటప్పుడు ఒక జాగ్రత్త. "మమ్మల్ని గెంటేశారు" అని ఆవేశంగా రాయించకు. ఉమ్మడి ఆస్తిలో ఒకరి స్వాధీనం అందరి స్వాధీనం కిందే లెక్క. అలా రాస్తే కోర్టు ఫీజు నామమాత్రం, గెంటేశారని రాస్తే నీ వాటా విలువ మీద కట్టాలి. వాటా లేదన్న సంగతి తెలిసిన దగ్గర్నుంచి పన్నెండేళ్ళు గడువు, కానీ ఆ ధైర్యంతో కూర్చోకు. దావా వేశాక కొన్నవాడు తీర్పుకి కట్టుబడాలి, వేయకముందు కొన్నవాడితో తలనొప్పి ఎక్కువ. ఫీజుకి డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి మీ అమ్మని, చెల్లిని పంపు. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. మొహమాటపడాల్సిన పనిలేదు.

మూసీ_ఒడ్డు (నెల తర్వాత):
అప్‌డేట్ పెట్టమని ఇద్దరు మెసేజ్ చేశారు, అందుకని.

విరాసత్ ఫైలు నకలు వచ్చింది. వంశవృక్షం చూశాను. పైన తాత, నానమ్మ. కింద మూడు గీతలు. పెద్దనాన్న, బాబాయి, అత్త. అంతే. నాన్న పేరు లేదు. చనిపోయాడని కూడా రాయలేదు, అసలు పుట్టనట్టే. నేను ఆ కాగితం అమ్మకి ఇంకా చూపించలేదు.

అత్త సంతకం ఉంది, ఒప్పుకున్నట్టు. అత్తకి ఫోన్ చేస్తే రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "నానమ్మ పింఛన్‌కని పెట్టించుకుండ్రురా, నన్నేం చదవనిచ్చిండ్రు?" అని. తనకీ గుంట రాలేదు. ఇప్పుడు నాతో పాటు వస్తానంటోంది, మామయ్య ఒప్పుకుంటేనే.

చిట్టీ పుస్తకం దొరికింది. నాన్న ట్రంకు పెట్టెలో బండి ఆర్సీ కింద ఉంది. చిన్న ఎర్ర అట్ట పుస్తకం, నెలనెలా నాన్న చేత్తో రాసుకున్నవే, చివరి పేజీలో "పాడినం, 3,00,000, కటింగ్ పోను" అని, తారీఖు. చిట్టీ నడిపినాయన ఇంకా ఉన్నాడు, గుర్తుందన్నాడు, కోర్టుకొచ్చి చెప్తాడో లేదో తెలియదు.

ఇదంతా ఎవరో చెప్పినట్టున్నారు, పెద్దనాన్నే కబురు పెట్టాడు. వాగు పక్కన ఇరవై గుంటలు ఇస్తాడట, గట్టు వేసుకుని దున్నుకోమన్నాడు. అమ్మేమో తీసుకుందాం, చెల్లి పెళ్ళి ముందు కోర్టు మెట్లు వద్దు అంటోంది. నాకేం పాలుపోవట్లేదు.

తహసీల్_పాతకాపు:
వాగు పక్క అంటే వానాకాలం నీళ్ళు నిలిచే చోటే అయ్యుంటుంది. రెండు పంటలు వేసే భూమి వాళ్ళకి, వాగు నీకు. ఇరవై గుంటలు ఎక్కడినుంచి వచ్చిందో చూశావా, వకీలు గారు వేసిన లెక్కలో ముత్తాత భూమిలో మీ నాన్న వాటా వరకే అది. నాలుగెకరాల మాటే ఎత్తట్లేదు.

పాత_వకీలు:
తప్పుడు వంశవృక్షం ఇవ్వడం క్రిమినల్ వ్యవహారం కూడా అవుతుంది, కానీ ముందే పోలీస్ స్టేషన్‌కి పోకు. పోతే ఇక కూర్చుని మాట్లాడుకోవడం ఉండదు. ఆ నకలు నీ దగ్గరుందని వాళ్ళకి తెలిస్తే చాలు.

రాజీ తప్పు కాదు, అమ్మ మాటలో అర్థం ఉంది. 54కి బదులు 45కి ఒప్పుకున్నా నేను నిన్ను తిట్టను, ఏళ్ళ తరబడి తిరగడానికి కూడా ఖరీదుంటుంది. కానీ గట్టు వేసుకుని దున్నుకోవడానికి మాత్రం ఒప్పుకోకు. పంపకాల దస్తావేజు రిజిస్టర్ కావాలి, నానమ్మ, పెద్దనాన్న, బాబాయి, అత్త, మీ అమ్మ, నువ్వు, చెల్లి అందరూ సంతకం పెట్టాలి, సర్వే నంబరు, హద్దులు, దారి రాయాలి. బోరు ఎవరిదో కూడా రాయించు, తర్వాత గొడవంతా అక్కడే. మళ్ళీ స్టాంపు కాగితం మీద ఏదైనా రాయమంటే మీ ఇంట్లో ఎవరూ పెన్ను ముట్టుకోకండి. చిట్టీ పుస్తకం అసలుది ఎవరి చేతికీ ఇవ్వకు, ఫోటోలు తీసి చెల్లి ఫోన్లో కూడా పెట్టు.

మూసీ_ఒడ్డు:
సరే అండి. నిన్న పెద్దనాన్నకి ఫోన్ చేశాను. గుంటల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ వంశవృక్షంలో మా నాన్న పేరు రాయించి తీసుకురా అన్నాను. ఆ నకలు నా దగ్గరుందని అప్పటిదాకా ఆయనకి తెలియదు. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "బాబాయితో మాట్లాడి చెప్త" అని పెట్టేశాడు. ఇంకా ఏ కబురూ లేదు.